బందరు నుంచి బందర్ హిలిర్‌కి

కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచి మా అబ్బాయి కారులో ఇంటికి వెళుతుంటే దారి పక్కన ఒక బోర్డు మీద ‘బందర్’ అని కనిపించింది. నిద్రమత్తులో తప్పు చదివాననుకున్నాను. కాసేపటికి ఇంకో బందర్. ఆ తర్వాత మరొకటి. “ఏరా, మన ఊళ్లు ఇక్కడ ఎన్ని ఉన్నాయి?” అన్నాను. వాడు నవ్వి, “మలయ్ భాషలో బందర్ అంటే పట్టణం అమ్మా” అన్నాడు. వెనక సీట్లోంచి మా ఆయన, “ఇన్నాళ్లూ మనం ఊరి పేరు చెబుతున్నామనుకున్నాం. ఉత్త ఊరనే చెబుతున్నామన్నమాట” అన్నారు.

మాది మచిలీపట్నం. మా జిల్లాలో ఆ పేరుతో పిలిచేది రైల్వేవాళ్లు, పోస్టాఫీసువాళ్లే. మిగతా అందరికీ బందరే. రేవు అని అర్థమొచ్చే పారశీ మాట అది. ఓడల మీద మా ఊరికీ వచ్చింది, మలయా తీరానికీ వెళ్లింది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతికి ‘ఐరోపావారి రాక’ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద మ్యాపు గీసే పని నాకు ఉండేది కాదు. మా ఊళ్లో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగిలీషుపాలెం ఉంది. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. “ఆ పేటల్లో ఉండేవాళ్లు చేతులెత్తండి” అంటే సగం పాఠం అయిపోయేది. పోర్చుగీసువాళ్లు ఒక్కళ్లే తక్కువ. వాళ్లని మన పెద్దలు బుడతకీచులనేవారు. ఆ మాట వినగానే పిల్లలు నవ్వేవాళ్లు.

అందుకే మావాడు “మలేసియాలో ఏం చూస్తారు, ట్విన్ టవర్సా, జెంటింగ్ కొండా?” అని అడిగితే నేను మెలాకా అన్నాను. బుడతకీచులు, వలందులు, ఇంగిలీషులు ముగ్గురూ వరసగా ఏలిన ఊరు. యునెస్కో 2008లో పెనాంగ్ దీవిలోని జార్జ్‌టౌన్‌తో కలిపి దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. వీధికో మ్యూజియం ఉందని విన్నాను. మా ఆయనకు మ్యూజియాలంటే పెద్ద ఇష్టం లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ గడియారం చూసి, ఇక అయిపోయిందని బయట కూచున్న మనిషి. అయినా వస్తానన్నారు.

వీసా బెడద లేదు. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లు వీసా లేకుండా 30 రోజులు ఉండొచ్చు. కాకపోతే బయల్దేరే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది మావాడే చూసుకున్నాడు. కౌలాలంపూర్‌లో టీబీఎస్ అనే పెద్ద బస్టాండు ఉంది, విమానాశ్రయంలా ఉంటుంది, గేటు నంబర్లూ తెరలూ అన్నీనూ. సోమవారం పొద్దున మమ్మల్ని అక్కడ దించి, “మ్యూజియాల టైమింగులు చూసుకున్నావా అమ్మా?” అన్నాడు. చూశానన్నాను. చూడలేదు.

మెలాకా సెంట్రల్ దాకా రెండు గంటల ప్రయాణం. అక్కడ పదిహేడో నంబరు సిటీ బస్సెక్కితే పాత ఊరి నడిబొడ్డున, ఎర్ర భవనాల దగ్గర దింపింది. గడియారస్తంభం, చర్చి, వెనక పొడుగాటి టౌన్‌హాలు, అన్నీ ఒకే ఎరుపు. ముందు సైకిల్ రిక్షాల బారు. ఆ రిక్షాల సంగతి చెప్పకపోతే మెలాకా చెప్పినట్టు కాదు. పిల్లి బొమ్మలు, ప్లాస్టిక్ పూలు, రంగు లైట్లు, గుండెలదిరే స్పీకర్లు. మన వినాయక నిమజ్జనం బండి చిన్నదై మూడు చక్రాల మీద తిరుగుతున్నట్టుంది. మమ్మల్ని చూడగానే ఒకతను హిందీ పాట పెట్టాడు.

టౌన్‌హాలు మెట్లెక్కితే తలుపు మూసి ఉంది. గార్డు “ఇస్నిన్, తుతుప్” అన్నాడు. సోమవారం, మూత. ఇక్కడి ప్రభుత్వ మ్యూజియాలు చాలావాటికి సోమవారం సెలవట. మన సాలార్‌జంగ్‌కి శుక్రవారం ఉన్నట్టే. పొరుగు దేశంలో ఈ సంగతి గుర్తుకు రాకపోవడం నా తప్పే. మా ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కొండకు తలుపుల్లేవు కదా అని ఆ పూటకి కొండెక్కాం. కొండంటే కొండ కాదు, పెద్ద దిబ్బ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కొచ్చు. పైన కప్పు లేని చర్చి ఉంది. 1521లో పోర్చుగీసువాళ్లు చిన్న ప్రార్థనామందిరంగా మొదలుపెట్టారు. ఫ్రాన్సిస్ జేవియర్ అనే క్రైస్తవ మతప్రచారకుడు 1552లో చైనా తీరంలో చనిపోతే శరీరాన్ని మరుసటేడు ఇక్కడికి తెచ్చి కొన్ని నెలలు ఉంచి, తర్వాత గోవాకు తీసుకెళ్లారు. ఆ ఖాళీ గొయ్యి ఇప్పటికీ ఉంది. పైన ఇనుప జాలీ, లోపల జనం వేసిన చిల్లర. బయట తెల్లటి విగ్రహానికి కుడిచేయి లేదు. 1952లో నిలబెట్టిన మర్నాడే చెట్టు విరిగిపడి చెయ్యి పోయిందని చెబుతారు. అసలు శరీరానికీ కుడి ముంజేయి లేదు, 1614లో తీసి రోముకు పంపారు. మా ఆయనకు ఈ కథ బాగా నచ్చింది. కొండ దిగేలోపు ఇద్దరికి ఫోన్‌లో చెప్పారు.

నన్ను ఆపింది గోడలకు ఆనించి నిలబెట్టిన రాళ్లు. ఆరేడు అడుగుల నల్లటి సమాధి పలకలు, డచ్చి అక్షరాలు, వంశాల ముద్రలు. నేను వాటి ముందు నిలబడిపోయాను. ఇలాంటి పలకలు మా బందరు డచ్చి శ్మశానంలో ఉన్నాయి. పురావస్తు శాఖ వాళ్ల నీలం బోర్డుంటుంది. చిన్నప్పుడు అటు వెళ్లొద్దనేవారు, పెద్దయ్యాక వెళ్లడానికి పని పడలేదు. అదే రాతి చెక్కడం చూడ్డానికి సముద్రం దాటి వచ్చి, టోపీ పెట్టుకుని, ఫోటో తీసుకుంటున్నాను.

కొండ అవతలి వైపు దిగితే ఒంటరి కోట ద్వారం ఉంది. బుడతకీచులు 1511లో ఊరు పట్టుకోగానే మసీదుల రాళ్లు, సుల్తానుల సమాధుల రాళ్లు పీకి కట్టిన కోటలో మిగిలిన ముక్క ఇది. మరి ద్వారం పైన ఉన్నదేమో డచ్చి కంపెనీ గుర్తు, ‘1670’ అనే అంకె. వాళ్లు కట్టారు, వీళ్లు పేరు చెక్కించుకున్నారు. ఇక కూల్చిందేమో ఇంగిలీషువాళ్లు. మెలాకా మళ్లీ డచ్చివాళ్ల చేతికి పోతే పెనాంగ్‌లో తమ వ్యాపారానికి పోటీ అవుతుందని 1807లో కోటను మందుపాతరలతో పేల్చడం మొదలుపెట్టారు. రాఫిల్స్ అనే ఇంగిలీషు అధికారి అడ్డుపడేసరికి ఈ ఒక్క గుమ్మం మిగిలింది. కట్టిన వాడొకడు, పేరొకడిది, కూల్చిన వాడొకడు. మా మునిసిపాలిటీ శిలాఫలకాలే నయం అన్నారు మా ఆయన.

హోటల్లో పరదేశులకు గదికి రాత్రికి పది రింగిట్లు పన్ను ఉంది, అది వేరే కట్టాలి. భోజనానికి లిటిల్ ఇండియా వీధిలో అరటాకు అన్నం దొరికింది. రసం బాగుంది.

మంగళవారం తొమ్మిదింటికల్లా టౌన్‌హాలు దగ్గరున్నాం. డచ్చి మాటలో స్టాట్‌హైస్. 1650 ప్రాంతంలో కట్టింది. ఆగ్నేయాసియాలో మిగిలిన డచ్చి భవనాల్లో దీన్నే పాతదిగా చెబుతారు. మొదట తెల్లగా ఉండేదట, ఎరుపు ఇంగిలీషువాళ్ల కాలపు రంగు. టికెట్ కిటికీ మీద ‘వర్గా ఎమాస్’ అని ఒక వరస ఉంది. వర్గా అంటే మన వర్గమే, ఎమాస్ అంటే బంగారం. బంగారు వర్గం ఎవరా అనుకున్నాను. వయసు మళ్లినవాళ్లు! ఎంత బాగుందో ఆ మాట. వెంటనే చెయ్యెత్తాను. ఆ రాయితీ వాళ్ల దేశస్థులకేనట. పరదేశులకు టికెట్ ఎక్కువ. మన గోల్కొండలోనూ అంతే కాబట్టి నోరు మూసుకుని కట్టాం.

ఈ మాటల పిచ్చి నాకు ఆ మూడు రోజులూ వదల్లేదు. భాషను బహాసా అంటారు. ధరను హర్గా అంటారు, మన అర్ఘమే. ఉపవాసం పువాసా. గురువు గురువే. భర్తను సువామి అంటారు. ఇది చెప్పగానే మా ఆయన కాలర్ సర్దుకున్నారు. భార్యను ఇస్తెరి అంటారని చెబితే, “అది మనకు బట్టలకు చేసేది కదా” అన్నారు. ఇలాంటి మనిషితో మ్యూజియం చూడాలి.

లోపల ఊరి కథ గదిగదికీ వరసగా నడుస్తుంది. ఎక్కువ భాగం పెద్ద పెద్ద చిత్రపటాలు, కింద రాత. మొదటిది పరమేశ్వర కథ. సుమత్రా పాలెంబాంగ్ నుంచి వచ్చిన రాకుమారుడు 1400 ప్రాంతంలో ఈ నది ఒడ్డున చెట్టు కింద కూచున్నాడు. అతని వేటకుక్కను ఒక మూషిక జింక నీళ్లలోకి తన్నింది. బక్క ప్రాణికే ఇంత పౌరుషముంటే ఊరు కట్టాల్సింది ఇక్కడేనని, ఆ చెట్టు పేరే ఊరికి పెట్టాడు. కుందేళ్లు కుక్కల్ని తరిమిన చోట రాజధాని కట్టారనే కథ మనకు విజయనగరానికి ఉంది కదా. కథలు కూడా ఓడలెక్కుతాయేమో. ఇంతకీ మెలాకా చెట్టు ఏమిటో తెలుసా? ఉసిరి. ఆమలకం నుంచే మెలాకా వచ్చిందని ఒక వాదం. కార్తీకమాసం వనభోజనాలు చేసే చెట్టు పేరున ఒక సుల్తానుల రాజ్యం నడిచింది.

తర్వాతి గదుల్లో షాబందర్ దగ్గర ఆగాను. రేవు అధికారి అన్నమాట. గోల్కొండ సుల్తానుల కాలంలో మా బందరులోనూ షాబందరు ఉండేవాడు. మెలాకా సుల్తానులు నలుగుర్ని పెట్టారు. గుజరాతీలకు ఒకడు, జావా, లవంగాలు పండే మొలుక్కా దీవులవాళ్లకు ఒకడు, చైనావాళ్లకు ఒకడు, మన కోరమాండల్ తీరం, బెంగాలు, బర్మాలోని పెగూ నుంచి వచ్చేవాళ్లకు ఒకడు. వచ్చిన వర్తకుడికి గోదాము చూపించడం, సరుకుకు ధర కట్టించడం, తగువులు తీర్చడం వాళ్ల పని. 1512లో వచ్చిన టోమే పిరెస్ అనే పోర్చుగీసు మందుల వర్తకుడు ఈ రేవులో 84 భాషలు వినపడతాయని రాసుకున్నాడు. మన తీరంవాళ్లను ఇక్కడ క్లింగ్ అనేవారు. కళింగం నుంచి వచ్చిన మాట. ఒకప్పుడు గౌరవమే. ఇప్పుడు భారతీయుల్ని ఆ మాట అంటే తిట్టు కింద లెక్క. మసీదు పేరులోనూ వీధి బోర్డుల మీదా మాత్రం మిగిలిపోయింది. 1748లో కట్టిన కంపుంగ్ క్లింగ్ మసీదు ఉంది, మర్నాడు చూశాం. మినారు చైనా పగోడాలా, కప్పు జావా పద్ధతిలో అంచెలుగా ఉంది.

నేను పాఠంలో డచ్చివాళ్లు ‘సుగంధ ద్రవ్యాల కోసం’ వచ్చారని చెప్పేదాన్ని. పుస్తకంలో అంతే ఉండేది. పిల్లల్లో ఒక్కడైనా “బందరులో లవంగాలు పండవు కదా టీచర్, మరి ఇక్కడికెందుకొచ్చారు?” అని అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు. జవాబు గుడ్డ. మొలుక్కావాళ్లకు వీళ్ల వెండి అంతగా అక్కర్లేదు, మన తీరంలో నేసి అద్దిన గుడ్డ కావాలి. డచ్చివాళ్లు 1605లో బందరులో దిగింది ఆ గుడ్డ కోసం. ఇక్కడ మూటలు కట్టి అక్కడ దింపి, లవంగాలూ జాజికాయలూ ఎక్కించుకునేవారు. ఆ దారికి గొంతులాంటి చోటు మెలాకా జలసంధి. ఐదు నెలలకు పైగా ముట్టడి వేసి 1641 జనవరిలో బుడతకీచుల నుంచి ఈ ఊరు లాక్కున్నారు. గుడ్డలే కాదు, మన తీరంలో కరువు వచ్చినప్పుడల్లా మనుషుల్ని కూడా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, బానిసలుగా ఎక్కించారు. ఆ మాట మా పుస్తకాల్లోనూ లేదు.

బ్రిటిష్ గదిలో 1824 ఒప్పందం గురించి ఉంది. ఆ ఏడాది మార్చి 17న లండన్‌లో ఇంగిలీషులు, డచ్చివాళ్లు సంతకాలు పెట్టుకున్నారు. డచ్చివాళ్లు మెలాకా ఇచ్చారు, ఇంగిలీషువాళ్లు సుమత్రాలోని బెంకూలెన్ ఇచ్చారు. ఇక్కడివాళ్లకు అంతవరకే కావాలి. ఒక సోషల్ టీచరుకి ఆ కాగితంలో ఇంకో షరతు గుర్తొస్తుంది: భారతదేశంలో డచ్చివాళ్లకున్న స్థావరాలన్నీ ఇంగిలీషులకు అప్పగించాలి. మన భీమునిపట్నం, కాకినాడ జగన్నాథపురం, పాలకొల్లు చేతులు మారింది ఆ కాగితంతోనే, మరుసటేడు. భీమిలికీ మెలాకాకూ ఒకే సంతకం. ఆ గదిలో నిలబడి ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. మా ఆయన బెంచీ మీద కునుకు తీస్తున్నారు. ఒక చైనా కుటుంబం ఫోటోలు తీసుకుంటోంది. ఆగిపోయాను.

సుల్తాను రాజప్రాసాదం కొండ కింద ఉంది. 1459 నుంచి 1477 దాకా ఏలిన మన్సూర్ షా భవనం ఎలా ఉండేదో మలయ్ చరిత్ర గ్రంథంలో వర్ణించారు. ఆ వర్ణన పట్టుకుని మళ్లీ కట్టి 1986లో తెరిచారు. మేకులు లేకుండా చెక్కలో చెక్క బిగించారు. చెప్పులు బయట వదిలి నడుస్తుంటే ఆ కలప కింద చల్లగా ఉంది, మూడు రోజుల్లో నా పాదాలు సుఖపడింది అక్కడే. లోపల దేశదేశాల వర్తకుల బొమ్మలు, హంగ్ తువా, హంగ్ జెబాత్ అనే ప్రాణస్నేహితుల కత్తియుద్ధం. రాజు కోసం స్నేహితుణ్ని చంపిన తువా గొప్పవాడా, స్నేహితుడి కోసం రాజు మీద తిరగబడిన జెబాత్ గొప్పవాడా అని మలయ్‌లు ఇప్పటికీ వాదించుకుంటారట. నేను జెబాత్ పక్షం.

నది ఒడ్డున ఓడ మ్యూజియం ఉంది. మెలాకాను దోచిన సొమ్ముతో బయల్దేరి 1511 చివర్లో సుమత్రా దగ్గర మునిగిపోయిన ‘ఫ్లోర్ డి లా మార్’ అనే పోర్చుగీసు ఓడకు నకలు. 34 మీటర్ల ఎత్తు. పిల్లలకు పండగే. నాకు లోపల ఉక్కపోసి తల తిరిగింది. దోచుకున్నవాడి ఓడను దోపిడీకి గురైన ఊరే ముచ్చటపడి కట్టుకోవడం కొంచెం విచిత్రంగానూ ఉంది. అప్పటికి నాకు ఒక సంగతి తట్టింది. ఓడ నకలు, రాజప్రాసాదం నకలు. 2006లో తవ్వకాల్లో బయటపడ్డ బురుజు మీద కొత్త రాళ్లతో కట్టిన గోడ కూడా సగం నకలే. తప్పు పట్టడం లేదు. బుడతకీచులు కూల్చి, ఇంగిలీషులు పేల్చాక చూపించడానికి ఏదో కట్టుకోవాలి కదా. కాకపోతే టికెట్ కొన్న చోటల్లా నకళ్లు, ఊరికే వదిలేసిన చోట అసలు రాళ్లు.

సముద్రం కూడా అంతే. పాత కోట ముందు ఒకప్పుడు అలలు తగిలేవి. ఇప్పుడు పూడ్చిన నేల మీద షాపింగ్ మాల్స్ లేచాయి. ఆ పేటను బందర్ హిలిర్ అంటారు, దిగువ పట్టణమని. బందర్ హిలిర్ మైదానంలోనే 1956 ఫిబ్రవరి 20న తర్వాత తొలి ప్రధాని అయిన టుంకు అబ్దుల్ రహమాన్ దేశానికి స్వాతంత్ర్యం వచ్చే తేదీ ప్రకటించాడు. ఆ జ్ఞాపకానికి పెట్టిన మ్యూజియం ఒకప్పుడు ఇంగిలీషు దొరల క్లబ్బు. 1912లో కట్టింది. క్లబ్బును ఏం చేయాలో వీళ్లకు తెలిసింది.

బుధవారం నది దాటాం. అవతల ఒడ్డున హీరెన్ వీధి, అంటే దొరల వీధి. ఎనిమిదో నంబరు ఇల్లు డచ్చి కాలం నాటిది, 18వ శతాబ్దపు ఇల్లు ఎలా కట్టేవారో చూపించడానికి కొన్ని గోడలకు సున్నం వేయకుండా వదిలారు. టికెట్ లేదు. నాకు బాగా నచ్చింది. ఆ వీధిలోనే బాబా న్యోన్యా ఇంటి మ్యూజియం. చైనా నుంచి వచ్చి ఇక్కడివాళ్లను పెళ్లాడి స్థిరపడ్డవాళ్ల సంతతిలో మగవాళ్లు బాబాలు, ఆడవాళ్లు న్యోన్యాలు. ఆ కుటుంబం తరతరాలుగా ఉన్న ఇంటినే మ్యూజియం చేసింది.

ముందు నుంచి చూస్తే ఇరుకు, లోపలికి వెళ్లేకొద్దీ పొడుగు. వీధి వైపు వెడల్పును బట్టి పన్ను వేసేవారని చెబుతారు. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ, వాన నీరు పడి కింద గుండా పోయే ఏర్పాటు. అచ్చం మన మండువా లోగిలి. పెళ్లికాని ఆడపిల్లలు బయటివాళ్ల కంట పడకుండా చెక్క తెర సందుల్లోంచి తొంగిచూసేవారట. మేడ మీద నేలలో చిన్న మూత ఉంది. తీసి చూస్తే గుమ్మంలో ఎవరొచ్చారో తెలుస్తుంది. మా అమ్మమ్మ కిటికీ రెక్క సందులోంచి చూసి, “అప్పులవాడు, లేనని చెప్పు” అనేది. దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఇల్లు చూపిస్తున్న అమ్మాయి ఒక్కసారి ఆగి నా చీర కొంగు వంక చూసింది. “బాతిక్?” అంది. కాదమ్మా, పెడన అద్దకం అన్నాను. చెక్క అచ్చుతో అద్దుతారని చేత్తో చూపించాను. ఆమె కొంగు పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసింది. 400 ఏళ్ల కిందట ఈ వీధిలో ఇదే గుడ్డ మూటలు మూటలుగా దిగి ఉంటుందని చెప్పాలనుకున్నాను. నా ఇంగ్లీషు అంత దూరం పోలేదు.

మధ్యాహ్నం చెండోల్ తిన్నాం. మంచు తురుము, కొబ్బరిపాలు, పచ్చటి సేమ్యా లాంటివి, పైన గులా మెలాకా. అది తాటి బెల్లంలా ఉండే కొబ్బరికల్లు బెల్లం. మెలాకాలో తనకు నచ్చిన అసలు సరుకు ఇదొక్కటేనని మా ఆయన తీర్పు. రెండోది కూడా తిన్నారు.

చివరికి మిగిల్చుకున్నది చెట్టి పేట. అంతకు ముందే కంసాలి వీధిలో వాళ్ల పోయ్యాత వినాయగర్ గుడికి వెళ్లాం. డచ్చివాళ్లిచ్చిన స్థలంలో 1781లో కట్టిన గుడి, దేశంలోని పాత గుళ్లలో ఒకటి. చెట్టి మెలాకా అంటే సుల్తానుల కాలంలో కోరమాండల్ నుంచి వచ్చిన వర్తకులు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడగా పుట్టిన జాతి. శివుణ్ని, వినాయకుణ్ని కొలుస్తారు. మాట మలయ్. ఆడవాళ్లు కట్టేది సారంగ్, కెబాయా. మనవాళ్లేనని లాక్కోవాలని నాకు సరదా పుట్టింది గానీ, వాళ్ల పేర్లు, ఆచారాల మూలం ఎక్కువగా తమిళం వైపే ఉంది. అబద్ధం ఆడలేను.

గ్రాబ్ అనే అద్దె కారు దిగితే చిన్న గుళ్లు, పూల కుండీలు, మధ్యలో ఇంత మ్యూజియం. మన ఊళ్లో లైబ్రరీ అంత ఉంటుంది. ఇత్తడి చెంబులు, తమలపాకుల పెట్టె, పెళ్లి బట్టలు, గోడ నిండా తాతముత్తాతల ఫోటోలు. నకళ్లు లేవు. ఇళ్లలోంచి తెచ్చి పెట్టినవి. అక్కడున్న పెద్దావిడ భోగి గురించి చెప్పింది. పొంగల్‌కి ముందు రోజు ‘పర్చు భోగి’ చేస్తారట. అరటాకు పరిచి, చనిపోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు, నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం కూడా. భోగి అన్న మాట ఆమె నోట మన పలుకుబడిలోనే వచ్చింది. మేము భోగికి మంట వేస్తామని, పెద్దలకు సంక్రాంతి నాడు పెడతామని చెప్పాను. సగం ఇంగ్లీషు, సగం సైగలు. చిన్నపిల్లలకు తల మీద రేగుపళ్లు పోస్తామంటే ఆమెకు అర్థం కాలేదు. మా ఆయన లేచి, తన గుండు మీద చేత్తో పోసి చూపించారు. ఆమె పకపకా నవ్వింది.

వెళ్లబోతుంటే ఆమె, ఇండియాలో ఎక్కడ, చెన్నైయా అని అడిగింది. కాదన్నాను. ఎన్నేళ్లుగానో అలవాటైన జవాబు నోట్లోంచి వచ్చేసింది. “బందరు.”

ఆమె అలాగే నా వంక చూస్తూ ఉంది, మిగతా మాట కోసం.

“బందర్ మానా?” అంది. ఏ పట్టణం?